బొబ్బట్ల నాటికి బాసినెట్ చాలదు: మేము కొన్న బేబీ కాట్ గురించి

బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులు వేస్తే అరిసెలు పంచడం మన ఇళ్లలో ఆనవాయితీ. మా అమ్మాయి నాలుగో నెల చివర బోర్లా పడింది. బొబ్బట్లు చేసిన రోజునే బాసినెట్‌ను, అంటే పసిపిల్లలను పడుకోబెట్టే చిన్న తొట్టి లాంటి పడకను, కూడా పక్కన పెట్టవలసి వచ్చింది. బరువు పరిమితి దాటకపోయినా, బిడ్డ పొర్లడం లేదా చేతులు ఆనించి లేవబోవడం మొదలుపెడితే వాడకం ఆపివేయాలని దానితో వచ్చిన పత్రంలోనే ఉంది. దాని అంచులు ఎంత పొట్టివో అప్పటికే చూసి ఉన్నాం కనుక ఆ మాటను తేలికగా తీసుకోలేదు.

ఇంట్లో చర్చ అంతా పగటి నిద్ర గురించే జరిగింది. మధ్యాహ్నం గంట పడుకోవడానికి చీర ఉయ్యాల చాలదా అన్నది మా అత్తయ్యగారి ప్రశ్న. ఉయ్యాలలో పిల్ల తొందరగా నిద్రపోతుందన్నది నిజమే. అయితే అందులో నడుము వంగి, గడ్డం గుండెకు ఆనుతుంది, పక్కకు ఒత్తిగిలితే ముఖం గుడ్డకు తగులుతుంది. మెడ పూర్తిగా నిలదొక్కుకోని వయసులో శ్వాసకు అది అడ్డు కావచ్చు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2022లో సవరించిన సూచనలు గట్టిగా, చదునుగా ఉన్న చోట వెల్లకిలా పడుకోబెట్టమంటాయి, పది డిగ్రీలకు మించిన వాలు పనికిరాదంటాయి, పగటి నిద్రకు మినహాయింపు ఇవ్వవు. చివరకు మేము చేసుకున్న ఒప్పందం ఇది: మనిషి పక్కనే ఉండి జోకొట్టడానికి ఉయ్యాల, కళ్లు మూతపడగానే కాట్, అంటే చుట్టూ కమ్మీలున్న పిల్లల మంచం. విశాఖ బీచ్ రోడ్డులో తిప్పుతుండగా స్ట్రోలర్‌లో నిద్రపోయినా ఇంటికి రాగానే ఇదే పద్ధతి.

కనీసం ఆరు నెలల వరకు బిడ్డ తల్లిదండ్రుల గదిలోనే వేరే పడకపై పడుకోవడం మంచిదని అదే అకాడమీ చెబుతుంది. సీతమ్మధారలోని మా అద్దె ఇంటి పడకగదిలో మంచం, బీరువా పోగా మిగిలిన చోటు తక్కువ కాబట్టి, 48 అంగుళాల పొడవు, 24 అంగుళాల వెడల్పు గల రబ్బర్‌వుడ్ (రబ్బరు చెట్టు చెక్క) కాట్‌ను 11,800 రూపాయలకు నగరంలోని ఒక దుకాణంలో తీసుకున్నాం. దుకాణదారు మొదట చూపించింది ఒక పక్క కమ్మీలు కిందికి జారే రకం. వంగనక్కర్లేదు, నడుము నొప్పి రాదు అని చాలా చెప్పారు. జారే పక్క ఊడిపోయి సందులో పిల్లలు ఇరుక్కుని మరణించిన ఘటనల వల్ల అమెరికాలో 2011 జూన్ నుంచి అటువంటి కాట్‌ల అమ్మకాన్నే నిషేధించారు. మేము నాలుగు పక్కలూ కదలని దాన్నే ఎంచుకున్నాం. కమ్మీల మధ్య ఖాళీ ఆరు సెంటీమీటర్లకు మించకూడదని తెలిసి టేపు పట్టుకెళ్లాను; అయిదున్నర వచ్చింది. చెక్క నునుపుగా ఉంది, మూలలు గుచ్చుకోవు. రంగు మాత్రం కాస్త వెలిసినట్టుంటుంది, అది నాకు పెద్ద లోపం కాదు.

పెద్ద లోపం పరుపు. ఉచితంగా ఇచ్చామని దుకాణంలో గొప్పగా చెప్పిన ఆ ఫోమ్ పరుపు అరచేతితో నొక్కితే గుంట పడి, చేయి తీశాక కూడా తీరిగ్గా పైకి లేచేది. పైగా కాట్ కమ్మీలకూ పరుపుకూ మధ్య నా మూడు వేళ్లు దూరేవి. రెండు వేళ్ల కంటే ఎక్కువ సందు ఉంటే బిడ్డ తల గానీ చేయి గానీ అందులో ఇరుక్కోవచ్చు. ఫోన్ చేస్తే, సందులో దుప్పటి కుక్కమని సలహా ఇచ్చారు. బిడ్డ పడకలో వదులుగా ఉన్న గుడ్డ ఏదీ ఉండకూడదన్న సంగతి పిల్లల సామాను అమ్మేవారికి తెలియకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. బూరుగు దూది పరుపు కుట్టిద్దామని మా వాళ్లు అన్నారు గానీ, వాడగా వాడగా అది ఉండలు కట్టి, మధ్యలో దిగిపోతుంది. చివరకు పూర్ణా మార్కెట్ దగ్గర పరుపులు తయారు చేసేవారికి లోపలి కొలతలు ఇచ్చి, రబ్బరు కలిపిన కొబ్బరి పీచుతో నాలుగు అంగుళాల మందాన 2,600 రూపాయలకు చేయించాం. అది అంచుల వరకు బిగువుగా కూర్చుంది. పరుపు మీద బిగుతుగా పరచడానికి చుట్టూ ఎలాస్టిక్ పెట్టి మూడు దుప్పట్లు మా వీధి దర్జీ కుట్టిచ్చాడు.

కాట్‌తో పాటు వచ్చిన మెత్తలు, దిండ్లు బీరువాలోకి వెళ్లాయి. వాటితో పాటు తల గుండ్రంగా వస్తుందని పుట్టింటివారు ప్రేమగా కుట్టి పంపిన ఆవాల దిండు కూడా వెళ్లింది. మేల్కొని ఉన్నప్పుడు మా కళ్ల ముందు బోర్లా పడుకోబెట్టి ఆడిస్తే తల ఆకారానికి సరిపోతుందని డాక్టరుగారు చెప్పిన మీదట ఎవరూ నొచ్చుకోలేదు. పైన కట్టిన ఏటికొప్పాక లక్క బొమ్మల దండను మాత్రం, పిల్ల మోకాళ్ల మీద లేవడం మొదలుపెట్టగానే మనసొప్పకపోయినా విప్పేశాను.

కాట్ వాడకంలో సముద్రపు గాలి పెట్టే తిప్పలు వేరు. రెండో నెలకే రెండు బోల్టులకు తుప్పు వచ్చింది. వాటిని స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులతో మార్చి, పదిహేను రోజులకోసారి అన్నిటినీ బిగిస్తున్నాం. దోమతెర లోపలికి వేలాడకుండా బయటి నుంచి బిగించి కట్టాలి. పరుపు కింద పలకకు బదులు పట్టీలు ఉండడంతో గాలి ఆడుతుంది, ఉక్కపోత రోజుల్లో పిల్ల వీపు తడిసిపోవడం బాసినెట్‌లో కంటే తగ్గింది. మొదటి వారం ఇరవై నిమిషాలకే లేచి ఏడ్చేది. ఇప్పుడు మధ్యాహ్నం గంటంపావు పడుకుంటోంది.

పరుపు ఎత్తు మార్చుకోవడానికి మూడు మెట్లున్నాయి. కుడుములు చేసుకున్న ఏడో నెలలో పరుపును రెండో మెట్టుకు దించాం. పట్టుకుని నిలబడే లోపు అట్టడుగు మెట్టుకు దించాలి గానీ, ఆ మెట్టు దగ్గర ఒక రంధ్రంలో మరలు సరిగా తెగక బోల్టు సగంలోనే ఆగిపోతోంది. కాబట్టి ఇది కొనేవారు దుకాణంలోనే మూడు మెట్లలోనూ బిగించి చూపించమని అడగండి, ఉచిత పరుపు వద్దని చెప్పి ఆ మేరకు ధర తగ్గించమనండి. మా వడ్రంగి ఆదివారం వస్తానన్నాడు. అరిసెల పాకం కంటే ముందు ఆ పని కావాలి.