వెనక్కి వచ్చినప్పుడు స్లైడ్ పాత స్థితిలో ఉండాలా, మొదటినుంచి మొదలవ్వాలా: ఏది మేలు?

ఆర్టిక్యులేట్ స్టోరీలైన్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆన్‌లైన్ కోర్సులు తయారుచేసేవారందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే సమస్య ఇది. మొదటిసారి చక్కగా నడిచిన స్లైడే, నేర్చుకునేవారు ముందుకు వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చేసరికి మరోలా ప్రవర్తిస్తుంది. వాయిస్ ఓవర్ వినిపించదు, రావలసిన టిక్కు రాదు, లేదా అప్పటికే నొక్కిన బటన్లన్నీ మళ్లీ నొక్కమంటుంది. ఇలాంటప్పుడు చాలామంది వెంటనే ట్రిగ్గర్లను (‘ఇది జరిగితే అది చేయి’ అనే ఆదేశాలను) విప్పి చూడటం మొదలుపెడతారు. అంతకంటే ముందు చూడవలసింది స్లైడ్ ప్రాపర్టీస్‌లోని ‘వెన్ రీవిజిటింగ్’ అనే సెట్టింగ్‌ను. అందులో ఎంపికలు మూడు: నిర్ణయాన్ని స్టోరీలైన్‌కే వదిలే ‘ఆటోమేటికల్లీ డిసైడ్’, ఆపిన చోటినుంచి కొనసాగించే ‘రిజ్యూమ్ సేవ్డ్ స్టేట్’, మొదటినుంచి మొదలుపెట్టే ‘రీసెట్ టు ఇనిషియల్ స్టేట్’.

మొదటిదాన్ని నేను పోటీలోకే తీసుకోను. కొత్త స్లైడ్ పెట్టగానే ఉండేది అదే. స్లైడ్‌లో బొమ్మలూ వాక్యాలూ మాత్రమే ఉంటే స్టోరీలైన్ దాన్ని మొదటినుంచి చూపిస్తుంది. బటన్లవంటివి ఉంటే సాధారణంగా పాత స్థితిని నిలిపి ఉంచుతుంది. చిక్కు ఎక్కడంటే, ఈ నిర్ణయం మనకు కనబడకుండా మారిపోగలదు. ఇవాళ మామూలుగా ఉన్న స్లైడ్‌కు మూడు నెలల తరువాత ఎవరో ఒక బటన్ చేరుస్తారు. వెనక్కి వచ్చినప్పుడు అంతవరకు మళ్లీ వినిపించిన వాయిస్ ఓవర్ ఆ రోజునుంచి ఆగిపోతుంది. మార్పు చేసినవారు ఆడియోను ముట్టుకోనే లేదు కనుక కారణం వారికి తట్టదు.

అసలు పోటీ మిగిలిన రెండింటి మధ్యనే. దీన్ని నేను నా తప్పునుంచే నేర్చుకున్నాను. ఒక కర్మాగారంలోని కార్మికుల కోసం తెలుగు వాయిస్ ఓవర్‌తో అగ్నిప్రమాద భద్రత మీద కోర్సు చేశాను. మధ్యలో ఒక మెనూ స్లైడ్, దానిలో నాలుగు పాఠాలకు నాలుగు బటన్లు, ఒక్కొక్క బటన్ పక్కన దాచిపెట్టిన ఆకుపచ్చ టిక్కు ఉన్నాయి. పాఠం చివర ఒక ట్రూ/ఫాల్స్ వేరియబుల్ (అవును లేదా కాదు అనే విలువను గుర్తుంచుకునేది) ట్రూ అవుతుంది. మెనూకు తిరిగి రాగానే ‘టైమ్‌లైన్ (స్లైడ్ నడిచే కాలరేఖ) మొదలైనప్పుడు, ఈ వేరియబుల్ ట్రూ అయితే టిక్కును చూపించు’ అనే ట్రిగ్గర్ పనిచేయాలి. టిక్కు రాలేదు. ట్రిగ్గర్లను చెరిపి మళ్లీ రాశాను, వేరియబుల్ పేర్లను ఒక్కొక్కటిగా సరిచూశాను, ఒక సాయంత్రం మొత్తం గడిచిపోయింది. చివరికి స్లైడ్ మూలలో ఒక టెక్స్ట్ బాక్స్ పెట్టి, రెండు శాతం (%) గుర్తుల మధ్య వేరియబుల్ పేరు రాసి ప్రివ్యూ చూశాను. అక్కడ ‘ట్రూ’ అని స్పష్టంగా కనబడుతోంది, పక్కనే టిక్కు మాత్రం లేదు. అంటే వేరియబుల్‌లో లోపం లేదు, ట్రిగ్గర్‌కే పనిచేసే అవకాశం రాలేదు.

స్లైడ్ రిజ్యూమ్‌లో ఉన్నప్పుడు టైమ్‌లైన్ ఆగిన చోటినుంచి కొనసాగుతుందే తప్ప కొత్తగా మొదలవదు. కాబట్టి ‘టైమ్‌లైన్ మొదలైనప్పుడు’ అని రాసిన ట్రిగ్గర్లేవీ రెండోసారి పనిచేయవు. టైమ్‌లైన్ చివరిదాకా నడిచిపోయిన స్లైడ్‌లో వాయిస్ ఓవర్ మళ్లీ రాకపోవడానికీ కారణం ఇదే. మెనూ స్లైడ్‌ను రీసెట్‌కు మార్చగానే టిక్కు వచ్చింది.

అయితే రీసెట్‌కూ ఒక మూల్యం ఉంది. అదే కోర్సులో మంటలార్పే పరికరాన్ని వాడే పద్ధతిని నాలుగు బటన్లుగా పెట్టాను: పిన్ లాగడం, మంట మొదలుకు గురిపెట్టడం, హ్యాండిల్ నొక్కడం, అటూ ఇటూ ఊపడం. నాలుగూ చూస్తే తప్ప ‘తరువాత’ బటన్ తెరుచుకోదు. ఈ స్లైడ్ రీసెట్‌లో ఉంటే, నాలుగూ చూసి ముందుకు వెళ్లి ఒక్క మాట సరిచూసుకుందామని వెనక్కి వచ్చిన కార్మికుడు అన్నీ మళ్లీ నొక్కవలసి వస్తుంది. తెలుసుకోవాలని తిరిగి వచ్చినవారికి అది శిక్ష అవుతుంది, అలా జరగనివ్వకూడదు.

దీనికి మందు వేరియబుల్స్‌లోనే ఉంది, ఎందుకంటే రీసెట్ స్లైడ్ మీది వస్తువుల స్థితిని తుడిచేస్తుంది కానీ వేరియబుల్స్‌ను ముట్టుకోదు. బటన్‌కు ఒక ట్రూ/ఫాల్స్ వేరియబుల్ పెట్టి, టైమ్‌లైన్ మొదలవగానే ట్రూ అయిన బటన్లను ‘విజిటెడ్’ స్థితికీ, నాలుగూ ట్రూ అయితే ‘తరువాత’ బటన్‌ను ‘నార్మల్’ స్థితికీ మార్చే ట్రిగ్గర్లు రాస్తే సరిపోతుంది. ట్రిగ్గర్లు పైనుంచి కిందికి వరుసగా నడుస్తాయి కనుక, ఒకే బటన్ మీద వేరియబుల్‌ను మార్చే ట్రిగ్గర్, వేరే స్లైడ్‌కు పంపే ట్రిగ్గర్ రెండూ ఉంటే మొదటిది పైన ఉండి తీరాలి. పని పెరుగుతుంది, నిజమే. కానీ స్లైడ్ ఏం గుర్తుంచుకుంటోందో మనం రాసుకున్నదే కనుక వెతికి పట్టుకోవడం సులువు.

రిజ్యూమ్‌దే పైచేయి అయ్యే చోటు కూడా ఉంది. వస్తువులను లాగి సరైన గడిలో వేసే అభ్యాసంలో ఏది ఎక్కడ పడిందో వేరియబుల్స్‌లోకి తేవడం చాలా శ్రమ. అలాంటి స్లైడ్‌ను రిజ్యూమ్‌లో ఉంచడమే మేలు. వాయిస్ ఓవర్ లేకుండా బటన్లూ లేయర్లూ (స్లైడ్ మీద తెరుచుకునే పొరలూ) మాత్రమే ఉన్న స్లైడ్‌కు కూడా రిజ్యూమ్ చాలు, అక్కడ అన్ని వేరియబుల్స్ అనవసరం.

కానీ ప్రతి స్లైడ్‌నూ రిజ్యూమ్‌లో పెట్టేస్తే ఎల్‌ఎమ్‌ఎస్ (కోర్సును అందించి, ఎవరు ఎంతవరకు చేశారో నమోదుచేసే వ్యవస్థ) దగ్గర మరో ఇబ్బంది వస్తుంది. దాచిన స్థితులన్నీ సస్పెండ్ డేటా అనే ఒకే పెట్టెలోకి చేరతాయి. కోర్సుకూ ఎల్‌ఎమ్‌ఎస్‌కూ మధ్య సమాచారం నడిచే ప్రమాణాన్ని స్కార్మ్ అంటారు. పెట్టె పరిమితి స్కార్మ్ 1.2లో 4,096 అక్షరాలు, స్కార్మ్ 2004 మూడో ఎడిషన్‌లో 4,000, నాలుగో ఎడిషన్‌లో 64,000. స్లైడ్లు ఎక్కువున్న కోర్సు 1.2లో ఆ హద్దు దాటితే, మర్నాడు తెరిచినవారు ఆపిన చోటికి చేరుకోలేకపోవచ్చు. అందువల్ల నా కోర్సుల్లో రీసెట్‌నే సాధారణ నియమంగా పెట్టుకుని, పైన చెప్పిన రెండు రకాల స్లైడ్లకు మాత్రమే రిజ్యూమ్ ఇస్తున్నాను.

పరీక్షించేటప్పుడు ఒక్క స్లైడ్‌ను మాత్రమే ప్రివ్యూ చేస్తే ఈ తప్పులేవీ బయటపడవు, ఎందుకంటే వెళ్లి రావడానికి అక్కడ వేరే స్లైడే ఉండదు. సీన్ (స్లైడ్ల గుంపు) మొత్తాన్ని ప్రివ్యూలో తెరిచి, నాలుగు బటన్లలో మూడే నొక్కి వెనక్కి వెళ్లి రావాలి. ఆ తరువాత నాలుగోది నొక్కి, ముందుకు వెళ్లి మరొకసారి తిరిగి రావాలి.