ఎల్డోరా మట్టి పందెం: నాన్నతో ఒక బుధవారం రాత్రి

ట్రక్కుల పందేనికి వెళ్దాం అంటే నాన్న లారీలనుకున్నారు. పికప్‌లని చెప్పాక కూడా నమ్మలేదు. 2018 జులైలో అమ్మానాన్నా అమెరికాలో, ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లోని మా ఇంట్లో ఉన్నారు. గుంటూరు వైపు మిరపా పత్తీ పండించిన మనిషికి మా కాలనీలో పొద్దుపోక, రోజూ పక్కింటి పచ్చిక కోత చూస్తూ కూర్చునేవారు. అమ్మ రానంది కానీ పులిహోర కట్టిచ్చింది. బుధవారం మధ్యాహ్నం సెలవు పెట్టి ఇద్దరం బయల్దేరాం.

ఎల్డోరా స్పీడ్‌వే ఒహాయో పడమటి అంచున, డార్క్ కౌంటీలో ఉంది. మాకు రెండు గంటల పైన ప్రయాణం. ఐ-75 హైవే దాటాక అన్నీ రెండు వరసల పల్లె రోడ్లే, అటూ ఇటూ మొక్కజొన్న, సోయా. ఆ చేల మధ్యలోంచి ఉన్నట్టుండి స్టేడియం లైట్లు కనపడతాయి. డాన్స్ హాలు నడుపుకునే ఎర్ల్ బాల్టెస్ అనే బ్యాండ్ మాస్టర్ 1954లో దాని పక్కనే ఈ ట్రాక్ కట్టాడట. 2004లో రేసర్ టోనీ స్టువర్ట్ కొన్నాడు. అమెరికాలో కార్ల పందేలు నడిపే సంస్థ నాస్కార్. దాని జాతీయ సిరీస్‌లు 1970 తర్వాత మట్టి మీద పరిగెత్తనే లేదు. 2013లో ట్రక్ సిరీస్‌తో, అంటే పికప్‌ల పందేలతో, ఇక్కడే మళ్లీ మొదలుపెట్టారు. గెలిచినవాడికి ఇచ్చేది కప్పు కాదు, బంగారు రంగు పార. అది వినగానే నాన్నకి ఈ పందెం మీద గౌరవం పెరిగింది.

సీట్ల సంగతి ముందే చెప్పేస్తాను. కింది వరసలు తీసుకోకండి. దగ్గరగా చూడొచ్చని మేం కిందే కూర్చున్నాం. నాన్న తెల్లచొక్కాతో వచ్చారు, నేను వద్దని చెప్పడం మర్చిపోయాను. హీట్ రేసులు (అసలు పందేనికి ముందు జరిగే చిన్న పోటీలు) అయ్యేసరికే ఒళ్లో, జుట్టులో, పాప్‌కార్న్‌లో మట్టిబెడ్డలు. పై వరసలైతే అర మైలు ట్రాక్ మొత్తం ఒక్క చూపులో కనపడుతుంది. కళ్లజోడు, చెవుల్లోకి ప్లగ్గులు తప్పనిసరి. శాకాహారులకి ఇలాంటి చోట ఫ్రైస్, నాచోస్, ప్రెట్జెల్ తప్ప పెద్దగా ఏమీ ఉండవు. మేం కారు దగ్గరే పులిహోర తినేసి లోపలికి వెళ్లాం.

పందేనికి ముందు ట్యాంకర్లు తిరిగి ట్రాక్‌ని తడుపుతాయి. తర్వాత బండ్లు గుండ్రంగా తిరిగి ఆ తడి మట్టిని అణగదొక్కుతాయి. నాన్న లేచి నిలబడి చూశారు. "బంకమట్టిరా ఇది. ఇప్పుడు జారుద్ది, కాసేపటికి గట్టిపడి రాయవుద్ది. అప్పుడు అంచున ఉన్న గుల్లమట్టిలోనే పట్టు దొరుకుద్ది" అన్నారు. నేను యూట్యూబ్‌లో గంటసేపు చూసి నేర్చుకున్నది అదే. చక్రాలు విసిరిన వదులు మట్టి గోడ వైపు గట్టులా పోగవుతుంది, దాన్ని కుషన్ అంటారు. లోపలి దారి నున్నగా అరిగి పట్టు పోయాక, ధైర్యం ఉన్నవాళ్లు ఆ గట్టుకి కుడి వెనక చక్రాన్ని ఆనించి తిప్పుతారు. రెండంగుళాలు ఎక్కువైతే గోడే. 2014లో ఇక్కడే కైల్ లార్సన్ అనే డ్రైవర్, ముందున్న బబ్బా వాలెస్‌ని తరుముతూ గోడని అన్నిసార్లు గీరాడు, చివరికి ట్రక్కు కుడివైపంతా నుజ్జయింది.

ఈ ట్రక్కులు పైకి సిల్వరాడో, టండ్రా, ఎఫ్-150లా కనపడతాయి కానీ లోపలంతా గొట్టాల చట్రం, వి-8 ఇంజను, రేసుకే కట్టిన బండ్లు. మలుపులో మూతి లోపలికి, ఒళ్లంతా పక్కకి, ముందు చక్రాలు ఎడమకి కాకుండా కుడికి తిరిగి ఉంటాయి. టీవీలో ఇది ఒక విన్యాసంలా ఉంటుంది. అక్కడ కూర్చుంటే మాత్రం, అంత బరువు మన మీదకే జారుకుంటూ వస్తున్నట్టు కడుపులో తిప్పింది. 150 ల్యాపుల్ని, అంటే ట్రాక్ చుట్లని, మూడు భాగాలు చేశారు. టైర్లు, పెట్రోలు పని ఆ విరామాల్లోనే, మామూలు రేసుల్లోలా మధ్యలో బండి ఆపి టైర్లు మార్చే పిట్‌లో సెకన్ల హడావుడి లేదు. నాకది కొంచెం చప్పగా అనిపించింది. "ఎడ్ల బండలాగుడులో కూడా జతజతకీ మధ్య ఆపుతారుగా" అని నాన్న కొట్టిపారేశారు.

ఆఖరి ల్యాపు మాత్రం జన్మలో మర్చిపోను. చేజ్ బ్రిస్కో, గ్రాంట్ ఎన్‌ఫింగర్, ఒకే టీమువాళ్లు, పక్కపక్కన రాసుకుంటూ గీత దాటారు. తేడా 0.038 సెకన్లు. బ్రిస్కోది ఇండియానాలో మట్టి మీద స్ప్రింట్ కార్లు (చిన్నగా, తేలిగ్గా ఉండే రేసు కార్లు) తోలిన కుటుంబం. నాన్న పక్కనున్న ముసలాయన భుజం మీద చరిచి తెలుగులో ఏదో అన్నారు, ఆయన ఇంగ్లీషులో ఏదో అన్నాడు, ఇద్దరూ నవ్వుకున్నారు.

బస విషయంలో తప్పు చేశాం. ట్రాక్ దగ్గరే క్యాంపింగ్ ఉంటుంది, సగం జనం ఆర్‌వీల్లో (పడకలుండే ఇంటిబండ్లలో), టెంట్లలో దిగిపోతారు. నాన్న నేల మీద ఎలా పడుకుంటారని దూరంగా ఒక మోటెల్ బుక్ చేశాను. అర్ధరాత్రి దాటి చేరేసరికి తలుపు తాళం, బెల్ కొడితే పదిహేను నిమిషాలకి ఒకాయన వచ్చాడు. గదిలో ఏసీ ట్రాక్టర్ స్టార్ట్ చేసినట్టు మోగింది. స్నానానికి నీళ్లు గోరువెచ్చగానే వచ్చాయి, ఇద్దరం ఒళ్లు కడుక్కునేసరికి టబ్బు ఎర్రబడింది. తర్వాత వెళ్లిన స్నేహితులు టెంట్ వేసుకుని హాయిగా ఉన్నారట. గది కావాల్సిందే అంటే దక్షిణాన గ్రీన్‌విల్‌గానీ, ఉత్తరాన సెలైనాగానీ చూడండి, రాత్రి ఎన్నింటి దాకా మనిషి ఉంటాడో ముందే ఫోన్ చేసి అడగండి.

పొద్దున్నే గ్రీన్‌విల్ మీదుగా వచ్చాం. కిచెన్‌ఎయిడ్ మిక్సర్లు తయారయ్యే ఊరు అది, వాళ్ల షోరూమ్ కూడా ఉంది. నాన్న ఒకదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "ఇందులో కందిపచ్చడి అవుద్దా?" అన్నారు. కాదన్నాను. అక్కడి నుంచి వచ్చేశాం.

ఇప్పుడు వెళ్లాలనుకుంటే ఒక మాట. ఎల్డోరాలో ట్రక్కుల పందెం 2019తో ఆగిపోయింది, 2020ది కోవిడ్ తినేసింది. తర్వాత రెండేళ్లు అయోవాలోని నాక్స్‌విల్‌లో జరిగింది. టెనెసీలోని బ్రిస్టల్ ట్రాక్‌లోనూ కాంక్రీటు మీద మట్టి పోసి 2021 నుంచి 2023 దాకా నడిపారు. ఎల్డోరాకైతే జులైలో కింగ్స్ రాయల్ పందేనికో, సెప్టెంబర్‌లో వరల్డ్ 100 పందేనికో వెళ్లొచ్చు. వాటిలో పరిగెత్తేవి ట్రక్కులు కాదు, ఇంకా తేలికైన బండ్లు, ఇంకా ఎక్కువ మట్టి విసురుతాయి. బ్రిస్టల్ సంగతి ఫోన్లో నాన్నకి చెబితే, "కాంక్రీటు మీద మట్టి పోస్తే నీళ్లు ఎక్కడికి ఇంకుతాయిరా?" అని అడిగారు.