గ్లౌజులు: కడిగి మళ్లీ తొడగాలా, కొత్త జత తీయాలా?

రోగిని పరీక్షించేటప్పుడు తొడిగే పల్చటి గ్లౌజులను కడిగి వాడితే మిగిలేది కొన్ని రూపాయలే. సబ్బు నీళ్లు కంటికి కనపడని రంధ్రాల్లోంచి ద్రవాన్ని లోపలికి లాగుతాయి. శానిటైజర్ రాస్తే లేటెక్స్ (గ్లౌజు రబ్బరు) జిగటగా మారి, వేళ్ల సందుల్లో చిట్లుతుంది. ఊది చూస్తే పెద్ద చిల్లులే బయటపడతాయి. బెజవాడ ఎండలకు లోపల చెమట సరేసరి!

కొత్త జతైతే రోగికొకటి. విప్పేటప్పుడు మణికట్టు దగ్గర బయటి అంచు పట్టుకుని తిరగేస్తూ లాగాలి. తర్వాత చేతులు కడగాల్సిందే. వాడినవి ఆసుపత్రి చెత్త వేసే ఎర్ర సంచిలోకి.

పొదుపు చేయాలనుంటే నేల తుడిచే పని దగ్గర చేయండి. అక్కడి మందపాటి రబ్బరు గ్లౌజులను డిటర్జెంట్‌తో కడిగి, 0.5 శాతం క్లోరిన్ నీళ్లలో ముంచి, నీడలో ఆరబెట్టి మళ్లీ వాడొచ్చు. పగుళ్లొస్తే పారేయాలి.