సిగ్మారా, కింగ్స్ ఆఫ్ వారా? ఒకే సైన్యంతో రెండూ ఆడాక

నెల్లూరులో మా బల్ల దగ్గరికి కొత్తగా వచ్చేవాళ్లూ, కావలి నుంచీ ఒంగోలు నుంచీ ఫోన్ చేసేవాళ్లూ అడిగేది ఒకటే. "అన్నా, ఏజ్ ఆఫ్ సిగ్మార్ కొనమంటావా, కింగ్స్ ఆఫ్ వార్ మొదలుపెట్టమంటావా?" రెండూ బల్ల మీద చిన్న బొమ్మల సైన్యాలను నడుపుతూ, పాచికలు వేస్తూ ఆడే యుద్ధం ఆటలే. ఇన్నాళ్లూ రెండూ మంచివే అని చెబుతూ వచ్చాను. ఈ ఏడాది ఒకే మనిషి మీద, అవే బొమ్మలతో, అదే బల్ల మీద రెండు ఆటలూ టోర్నమెంటులో ఆడాను. రెండుసార్లూ ఓడిపోయాను. ఇప్పుడు నాకు ఒక అభిప్రాయం ఏర్పడింది.

మా టోర్నమెంటు గురించి ముందే చెప్పాలి, ఎందుకంటే నా జవాబంతా దాని మీదే ఆధారపడి ఉంది. ఎనిమిది మందిమి. ఒక మిత్రుడి ఇంటి మేడమీద హాలులో నాలుగు బల్లలు వేస్తాం. పొద్దున మొదలుపెట్టి రాత్రి రైళ్లకు జనం వెళ్లేలోపు మూడు ఆటలు. సంక్రాంతి అయ్యాక ఒకసారి, వాయుగుండాలు మొదలవక ముందు సెప్టెంబరులో ఒకసారి. అంటే ఏడాది మొత్తానికి ఒక్కొక్కరికి ఆరు ఆటలు. మధ్యలో ఎవరైనా ఊరికి వస్తే ఒకటో రెండో. అంతకు మించి కుదరదు.

జనవరిలో ఆడింది ఏజ్ ఆఫ్ సిగ్మార్, ఒక్కో సైన్యం విలువ 2000 పాయింట్లు. నావి స్టార్మ్‌కాస్ట్ ఎటర్నల్స్. ఒంగోలు నుంచి వచ్చిన అన్నవి స్కావెన్, అంటే ఎలుకల దండు. మూడో ఆట మా ఇద్దరికీ పడింది. అప్పటికి ఇద్దరం రెండేసి ఆటలు గెలిచి ఉన్నాం కాబట్టి అదే ఫైనల్ లాంటిది.

ఒక్కో రౌండులో ఇద్దరికీ ఒక్కో టర్ను. మొదటి రౌండు ఇద్దరం జాగ్రత్తగా ఆడాం. రెండో రౌండు ముందు నాది. నా సైనికులైన లిబరేటర్లను మధ్యలో ఉన్న ఆబ్జెక్టివ్ (పట్టుకుంటే పాయింట్లు వచ్చే చోటు) మీదికి తోసి, అక్కడున్న క్లాన్‌రాట్లనే ఎలుక సైనికుల మీద చార్జ్ చేశాను, అంటే దూసుకెళ్లి కొట్టాను. ఇరవై ఎలుకల్లో పద్నాలుగు పోయాయి. బాగానే ఉందనుకున్నాను. తర్వాత ఆయన టర్ను. జెజ్జెయిల్స్ తుపాకులతో కాల్చాడు, వార్ప్ లైట్నింగ్ కానన్ పేల్చాడు, రాట్ ఓగర్లను నా కుడివైపు మీదికి వదిలాడు. నష్టం జరిగింది కానీ తట్టుకోదగ్గదే. నా టర్ను వస్తే ఆ ఓగర్లను చుట్టుముట్టేయొచ్చు. ఎవరు ముందో ఈ ఆటలో ప్రతి రౌండుకూ కొత్తగా తేలుతుంది. మూడో రౌండు ఎవరు ముందు ఆడాలో తేల్చే పాచికలు వేశాం. నాకు మూడు, ఆయనకు ఐదు.

ఆయనే ముందు ఆడతానన్నాడు. ఎవరైనా అదే చేస్తారు. మళ్లీ అవే తుపాకులు, అదే ఫిరంగి, అవే ఓగర్లు. గంటా పది నిమిషాల తర్వాత నా చెయ్యి బల్ల మీదికి వచ్చేసరికి నా సైన్యంలో 600 పాయింట్లకు కాస్త అటూ ఇటూగా మిగిలింది. ఆ తర్వాత రెండున్నర రౌండ్లూ లాంఛనంగా ఆడాం.

ఇలా ఒకే మనిషికి వరసగా రెండు టర్నులు రావడాన్ని డబుల్ టర్ను అంటారు. దీని గురించి వాదన ఈ ఆట ఆడేవాళ్లందరికీ పాతదే. 2015లో సిగ్మార్ వచ్చినప్పటి నుంచీ ఉంది. డబుల్ టర్ను ఉత్త అదృష్టం అని నేను అనను, అది నిజం కాదు. మంచి ఆటగాడు రెండో రౌండులో కదిలేటప్పుడే "మూడో రౌండు పాచిక వాడికి పడితే నా గతేంటి" అని లెక్కేసుకుంటాడు. ఖరీదైన దళాలకు ముందు చౌక దళాలను అడ్డం పెడతాడు. ఒక్కోసారి పాచిక తనకే పడినా ప్రత్యర్థినే ముందు ఆడనిచ్చి, తర్వాతి రౌండులో డబుల్ కోసం కాచుకుంటాడు. నాలుగో ఎడిషన్‌లో డబుల్ తీసుకునేవాళ్లకు కొంత నష్టం కూడా పెట్టారు. ఇదంతా లోతైన విద్య, ఒప్పుకుంటాను.

ఆట అయ్యాక ఆ అన్న కూడా అదే చెప్పాడు. "నువ్వు ఆ రౌండులో మధ్యకి రాకుండా వెనకనే ఉండి ఉంటే నాకు డబుల్ పడినా ఏం లాభం ఉండేది కాదు తమ్ముడూ." నిజమే. కానీ రాకుండా ఉంటే ఆ రౌండు పాయింట్లు ఆయనవి. పాచిక నాకు పడి ఉంటే ఓగర్లు చచ్చేవి, మధ్య ఆబ్జెక్టివ్ నాకే ఉండేది. నేను చేసింది తప్పా ఒప్పా అన్నది ఆ ఒక్క పాచిక తేల్చింది. ఇంటికి వెళ్తూ ఎంత ఆలోచించినా, మరోసారి అదే పరిస్థితి వస్తే ఏం మార్చుకోవాలో నాకు తేలలేదు.

వారానికి రెండు ఆటలు ఆడే క్లబ్బు ఉన్న ఊళ్లో ఇది సమస్యే కాదు. ఏడాదికి వంద ఆటలు ఆడితే అలాంటి పాచికలు నాలుగు వందలు వేస్తారు. ఈసారి పోయింది ఇంకోసారి వస్తుంది, ఎంత తెగించాలో చేతికి అలవాటవుతుంది. మాకు టోర్నమెంటులో ఏడాదికి ఆరు ఆటలు. అందులో రెండు ఇలా తేలిపోతే ఆ విద్య నేర్చుకునే అవకాశమే ఉండదు. నా దృష్టిలో మన ఊళ్లవాళ్లు మొదట చూడాల్సింది ఇదే. ధర, బొమ్మల అందం, కథ అన్నీ దీని తర్వాతే.

చిన్నప్పుడు గుడి అరుగు మీద పులిజూదం ఆడినవాళ్లకు ఇది చటుక్కున అర్థమవుతుంది. మూడు పులులు, పదిహేను మేకలు. మేకల బలమంతా ఒక్క నమ్మకం మీద ఉంటుంది. పులి కదిలాక ఎత్తు మనదే. పులికి అప్పుడప్పుడు వరసగా రెండెత్తులు ఇస్తే, ఎంత తెలివైనవాడైనా దాన్ని కట్టలేడు. కట్టగలిగినా దానికి ఎన్నో వందల ఆటల అనుభవం కావాలి.

ఇక సెప్టెంబరు. ఈసారి అందరం కింగ్స్ ఆఫ్ వార్ ఆడదామనుకున్నాం. కొత్త బొమ్మలు ఎవరూ కొనలేదు. ఈ ఆటను 2010లో తెచ్చిన మాంటిక్ కంపెనీకి తన బొమ్మలే వాడాలన్న పట్టింపు లేదు. స్టార్మ్‌కాస్ట్‌ను ఈ ఆటలోని బాసిలియా సైన్యం చేశాను. లిబరేటర్లు 40 మిల్లీమీటర్ల బేసుల (బొమ్మ కాళ్ల కింది పలకల) మీద ఉంటాయి కాబట్టి ఓగర్ ప్యాలెస్ గార్డ్‌గా సరిపోయాయి. రెక్కలున్న ప్రాసిక్యూటర్లు ఎలోహీ అయ్యాయి. ఆ అన్న ఎలుకలు రాట్‌కిన్‌గా దిగాయి, రాట్ ఓగర్లు బ్రూట్స్ అయ్యాయి. ఇరవై మంది రెజిమెంటు కోసం 100 బై 80 మిల్లీమీటర్ల ట్రే కోసి, దాని మీద 12 క్లాన్‌రాట్లను నిలబెట్టాడు. సగానికి పైగా బొమ్మలుంటే చాలు, దళం లెక్కలోకి వస్తుంది. బొమ్మలను ఒక్కొక్కటిగా తీసేయడం ఈ ఆటలో ఉండదు. దెబ్బలు పోగవుతూ ఉంటాయి, దళం నిలబడుతుంది లేదా మొత్తంగా పారిపోతుంది.

మళ్లీ మూడో ఆట, మళ్లీ మా ఇద్దరికే. బల్ల పక్కన చదరంగం గడియారం, తలా గంట. ఒకరి తర్వాత ఒకరు, ఆట పొడుగునా అంతే. చార్జ్‌కి పాచిక లేదు, స్పీడుకు రెట్టింపు దూరం అంతే. స్పీడు 5 ఉన్న దళం 10 అంగుళాలు వెళ్తుంది, పదిన్నర అంగుళాల్లో ఉంటే వెళ్లదు. సిగ్మార్‌లో రెండు పాచికలు వేసి 9 పడుతుందా లేదా అని ఊపిరి బిగబట్టే ఆనందం ఇక్కడ ఉండదు. దాని బదులు టేపు పట్టుకుని కొలుచుకునే టెన్షన్ ఉంటుంది.

మూడో టర్నులో ఎలోహీలను ఎగరేసి ఆయన కుడి పక్కన ఉన్న ఎలుకల రెజిమెంటును ముందు నుంచి కొట్టాను. మంచి దెబ్బ తగిలింది. దళం నిలబడుతుందో పారిపోతుందో తేల్చే నెర్వ్ పాచికలు వేస్తే రెండూ ఒకట్లు పడ్డాయి. ఈ ఆటలో అలా పడితే ఎన్ని దెబ్బలున్నా దళం పారిపోదు. 36లో ఒక్కసారి వచ్చేది అప్పుడే వచ్చింది. ఎలుకలు నిలబడ్డాయి, నా ఎలోహీలు వాటి ముందే ఇరుక్కుపోయాయి. అంటే ఇక్కడా అదృష్టం ఉంది. అయినా నేను ఓడింది దాని వల్ల కాదు. ఆయన బ్రూట్స్ ముందు వరస మధ్య బిందువు ఎలోహీల పక్క కోణంలో పడుతుందని, అంటే అది పక్క దాడి అవుతుందని నేను కొలుచుకోలేదు. నా ప్యాలెస్ గార్డ్‌ను మూడంగుళాలు కుడికి పెట్టి ఉంటే ఆ దారి మూసుకుపోయేది.

పక్క నుంచి కొడితే దాడులు రెట్టింపు, వెనక నుంచి కొడితే మూడింతలు. దీని విలువ ఎంతో లెక్కేసి చూడండి. దెబ్బలకు పాచికల మొత్తం కలిపితే పారిపోయే అంకెకు చేరిన దళం పారిపోతుంది. ఆ అంకె 17 ఉన్న దళానికి ముందు నుంచి 8 దెబ్బలు తగిలాయనుకుందాం. రెండు పాచికల మీద 9 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితేనే పారిపోతుంది, 36లో 10 అవకాశాలు. అదే దాడి పక్క నుంచి వచ్చి దెబ్బలు 16 అయితే, రెండు ఒకట్లు తప్ప ఏం పడినా పోవాల్సిందే, 36లో 35. నేను వదిలిన మూడంగుళాల సందు ఖరీదు అది. ఎలోహీలు పోయాయి, వాటితో పాటే నా ఎడమ వైపంతా కూలిపోయింది.

"ఏంది తమ్ముడూ, ఆ సందు చూసుకోలేదా?" అన్నాడు ఆ అన్న, బ్రూట్స్‌ను తిప్పుతూ. చూసుకోలేదు. రైలెక్కే ముందు ఇద్దరం అదే టర్నును మళ్లీ బల్ల మీద పేర్చి, గార్డ్‌ను పెట్టాల్సిన చోట పెట్టి చూశాం. ఆ పది నిమిషాల్లో నేర్చుకున్నంత జనవరి ఆట నుంచి నేర్చుకోలేకపోయాను.

సిగ్మార్‌కు రావాల్సిన మార్కులు కూడా ఇవ్వాలి. ప్రత్యర్థి టర్నులో మనకు పని ఉండేది అందులోనే. దెబ్బ కాచుకునే సేవ్ పాచికలు మనమే వేస్తాం, కమాండ్లతో ఎదురు దెబ్బ కొట్టొచ్చు, కొట్లాటలో వంతులవారీగా మన దళాలూ కొడతాయి. కింగ్స్ ఆఫ్ వార్‌లో పాచికలన్నీ దాడి చేసేవాడివే, మనం చేతులు కట్టుకుని చూడటమే. గడియారం ఉంది కాబట్టి ఆ చూడటం పది నిమిషాల్లో అయిపోతుంది, లేకపోతే విసుగే. ఇంకోటి, సిగ్మార్‌లో ఒక్కో వీరుడికీ ఒక కథ ఉంటుంది. ఒంటరిగా మిగిలిన ఒక లిబరేటర్ ఆబ్జెక్టివ్ మీద రెండు రౌండ్లు నిలబడిన ఆటను మావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ట్రే మీద అతికించిన దళానికి అలాంటి కథలు పుట్టవు. ప్రపంచం మొత్తం మీద రెండింట్లో ఎక్కువమంది ఆడేది కూడా సిగ్మారే కాబట్టి, చదువుకో ఉద్యోగానికో పెద్ద నగరానికి వెళ్లబోయేవాళ్లకు అదే ఎక్కువ పనికొస్తుంది. అయితే సిగ్మార్ కంపెనీ గేమ్స్ వర్క్‌షాప్ సొంతంగా నడిపే పోటీల్లో ఆ కంపెనీ బొమ్మలే ఉండాలి, ప్రింటు చేసుకున్నవి పనికిరావు.

రంగుల విషయంలో మన వాతావరణానికి ట్రేలే మేలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరు గాలిలో తేమకు స్ప్రే ప్రైమర్ బూజు పట్టినట్టు తెల్లగా తేలుతుంది. బ్రష్‌తో ప్రైమర్ వేసుకోవాల్సిందే. మూడు రెజిమెంట్లకు అరవై ఎలుకలకు వేయడం కన్నా, ట్రేకి పన్నెండు చొప్పున ముప్పయ్యారింటికి వేయడం తేలిక కదా.

గేమ్స్ వర్క్‌షాప్‌దే ఇంకో ఆట, ది ఓల్డ్ వరల్డ్ సంగతి కూడా కొందరు అడుగుతున్నారు. 2024 జనవరిలో వచ్చింది, చదరపు బేసులు, వరసల యుద్ధం, పాత వార్‌హామర్ లోకం. చిన్నప్పటి నుంచి ఆ లోకం మీద మమకారం ఉంటే తప్ప మొదటి ఆటగా వద్దు. సిగ్మార్‌కే చిన్న రూపమైన స్పియర్‌హెడ్ ఇంట్లో పిల్లలతో ఆడుకోవడానికి బాగుంటుంది, ఒక్క పెట్టె చాలు. మా టోర్నమెంటులో మాత్రం దాన్ని పెట్టం.

కాబట్టి క్లబ్బు లేని ఊళ్లో ఉండి, ఏడాదికి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఆటలే దొరికేవాళ్లు కింగ్స్ ఆఫ్ వార్‌తో మొదలుపెట్టండి. వారం వారం ఆడే తోడు ఇంటి పక్కనే ఉంటే సిగ్మార్ తీసుకోండి, నా అభ్యంతరం అక్కడితో పోతుంది. ఎటూ తేల్చుకోలేకపోతే ముందు సిగ్మార్ బొమ్మలే కొని, గుండ్రటి బేసుల మీదే ఉంచి, ఫోమ్ బోర్డుతో ట్రేలు కోసుకోండి. బేసులను ట్రేకి జిగురుతో అంటించకండి, కింద చిన్న అయస్కాంతం పెడితే రెండు ఆటలకూ పనికొస్తాయి. 1000 పాయింట్లతో ఒకే మనిషి మీద రెండూ ఆడి చూడండి. జనవరి టోర్నమెంటుకు మేం మళ్లీ కింగ్స్ ఆఫ్ వారే అనుకున్నాం. ఒంగోలు అన్న ఇప్పటికే ఇంకో మూడు ట్రేలు కోశాడట. నేను ఈసారి ప్యాలెస్ గార్డ్ రెండు దళాలు దింపుతున్నాను, ఒకటి ఎలోహీల పక్కనే ఉండటానికి.