299 రూపాయలకే 5 లక్షల డిజైన్లు అంటున్నారా? కొనే ముందు ఇది చదవండి

ఫ్లెక్సీలు, శుభలేఖలు, పెళ్లి ఆల్బమ్‌లు, సోషల్ మీడియా పోస్టర్లు చేసేవాళ్లందరి కోసం ఇది రాస్తున్నాను. ఇన్‌స్టాగ్రామ్ తెరిస్తే చాలు, "5 లక్షల పీఎస్‌డీలు, పీఎన్‌జీలు, హెచ్‌డీ ఫొటోలు, తెలుగు ఫాంట్లు. లైఫ్‌టైమ్ యాక్సెస్. ఫుల్ కమర్షియల్ రైట్స్. ఈ రాత్రి వరకే 299" అంటూ ప్రకటనలు వరసగా వస్తున్నాయి. (పీఎస్‌డీ అంటే లేయర్లు, అంటే పొరలు పొరలుగా ఉండి మార్చుకోగలిగే ఫొటోషాప్ ఫైల్. పీఎన్‌జీ అంటే వెనక బ్యాక్‌గ్రౌండ్ లేకుండా ఉంచగలిగే బొమ్మ.) అలాంటి బండిల్ ఒకటి మా షాపుకి కొన్నాం. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. రాసినా పెద్దగా లాభం ఉండదు, ఎందుకంటే అవే ఫైళ్లని రకరకాల పేర్లతో చాలామంది అమ్ముతున్నారు.

డబ్బులు ఒక వ్యక్తి పేరు మీదున్న యూపీఐకి పంపమన్నారు. బిల్లు లేదు, జీఎస్టీ నంబర్ లేదు. స్క్రీన్‌షాట్ పెట్టగానే వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ వచ్చింది, దాని నిండా గూగుల్ డ్రైవ్ లింకులు. కొన్ని ఫోల్డర్లు ఖాళీ. చాలా లింకులు నొక్కితే, ఈ ఫైల్‌ని ఇప్పటికే ఎక్కువమంది డౌన్‌లోడ్ చేశారు, తర్వాత ప్రయత్నించండి అని వస్తుంది. ఒకే లింకుని కొన్నవాళ్లందరికీ పంచితే డ్రైవ్ అలాగే ఆపేస్తుంది. కాపీరైట్ ఫిర్యాదు వస్తే ఆ ఫోల్డరే పోతుంది. లైఫ్‌టైమ్ అంటే ఆ డ్రైవ్ అకౌంట్ బతికున్నంత కాలం అన్నమాట.

దిగిన ఫైళ్ల సంగతి. పీఎన్‌జీల్లో చాలావాటికి వెనక బూడిదరంగు గళ్లు కనిపిస్తాయి. ట్రాన్స్‌పరెంట్ అనుకుని ఫొటోషాప్‌లో వేస్తే గళ్లు కూడా బొమ్మతోపాటే వస్తాయి, అవి బొమ్మలో భాగమే. పీఎస్‌డీ అని పెట్టినవాటిలో సగానికి ఒకటే లేయర్, అంటే మామూలు జేపెగ్ ఫొటోనే పీఎస్‌డీగా సేవ్ చేసి పెట్టారు. ఆల్బమ్ షీట్లు ఇంకా అన్యాయం. 12×36 అంగుళాల షీటు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) ప్రింటవ్వాలంటే 10,800×3,600 పిక్సెళ్లు ఉండాలి. వీళ్లు చిన్న బొమ్మని లాగి ఆ సైజు చేశారు. స్క్రీన్ మీద బాగానే ఉంటుంది, ప్రింటు చేతికొచ్చాక పూలన్నీ మసక మసకగా ఉంటాయి.

ఇంతవరకే అయితే 299 పోయాయి అనుకుని ఊరుకునేవాళ్లం, ఈ పోస్టు రాసే పని ఉండేది కాదు.

మా దగ్గర పచ్చళ్ల ప్యాకెట్లకి లేబుళ్లు, ఇన్‌స్టా పోస్టర్లు చేయించుకునే ఒకావిడ ఉన్నారు. ఆవిడ లేబుల్లో ఎండుమిరపకాయలు, మామిడికాయ ముక్కలు ఉన్న ఫొటో ఒకటి ఈ బండిల్ లోదే. కొన్నాళ్లకి ఆవిడ పేజీలో ఆ ఫొటో ఉన్న పోస్టుని కాపీరైట్ ఫిర్యాదు మీద తీసేశారు. ఆ వెంటనే ఈమెయిల్: ఈ ఫొటో వాడటానికి మీ దగ్గరున్న లైసెన్సు చూపండి, ఎప్పటినుంచి వాడుతున్నారు, ఎక్కడెక్కడ వాడారు చెప్పండి. పాపం, ఆవిడ ఎంత టెన్షన్ పడ్డారో. "బాబూ, నేను మీకు డబ్బులిచ్చే కదా చేయించుకున్నాను" అన్నారు. ఆ మాటకి ఎదురు చెప్పేదేముంది?

అమ్మినతన్ని లైసెన్సు అడిగాం. నోట్‌ప్యాడ్‌లో టైపు చేసిన రెండు లైన్లు పంపాడు, కమర్షియల్‌గా వాడుకోవచ్చని. ఎవరిచ్చారు, ఏ ఫొటోకి, ఏ తేదీన, ఏమీ లేదు. "టెన్షన్ పడకు బ్రో, ఎవరూ అడగరు" అన్నాడు. ఆల్రెడీ అడిగారు కదా అని ఈమెయిల్ ఫొటో పెట్టగానే బ్లాక్ చేశాడు. ఆ లేబుళ్లు మేమే వేరే ఫొటోతో మళ్లీ వేయించి ఇచ్చాం.

తర్వాత కూర్చుని బండిల్లోని ఫొటోలు గూగుల్ లెన్స్‌లో, టిన్‌ఐలో (బొమ్మ ఇస్తే అది నెట్‌లో ఇంకెక్కడ ఉందో వెతికిపెట్టేవి) వేసి చూశాం. పచ్చడి ఫొటో డబ్బు కట్టి కొనే స్టాక్ సైట్‌లో ఉంది, బండిల్ కాపీలో వాటర్‌మార్క్ చెరిపేశారు. చెరిపినవాళ్లు ఒకటి మర్చిపోయారు. ఫొటోషాప్‌లో ఫైల్ ఇన్ఫో తెరిస్తే ఫొటోగ్రాఫర్ పేరు అక్కడే ఉంది. మిగతావాటిలో చాలా భాగం అన్‌స్ప్లాష్, పెక్సెల్స్, పిక్సాబేలలో ఎవరైనా ఉచితంగా దించుకోగలిగేవి. చలివేంద్రంలో పోసే మజ్జిగని సీసాల్లో నింపి అమ్ముకున్నట్టు ఉంది. పైగా ఈ మూడు సైట్ల లైసెన్సులూ వ్యాపారానికి వాడుకోనిస్తాయి కానీ, ఉన్న ఫొటోని ఉన్నట్టే అమ్ముకోవడానికి ఒప్పుకోవు. అంటే అందులో దొంగ సరుకు కాని ఫొటోలను కూడా వాళ్లకి అలా అమ్మే హక్కు లేదు.

బండిల్లో "బాపు బొమ్మలు" అని ఒక ఫోల్డర్ కూడా ఉంది. మన శుభలేఖల మీద అవి ఎంత మామూలైపోయాయంటే, వాటికో యజమాని ఉంటారన్న ఆలోచనే ఎవరికీ రాదు. బాపు గారు 2014లో కన్నుమూశారు. మన చట్టంలో చిత్రకారుడు పోయాక మరో 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది, అంటే ఆ బొమ్మల మీద 2074 చివరిదాకా ఉన్నట్టే. రాజా రవివర్మ సంగతి వేరు. ఆయన 1906లోనే పోయారు కాబట్టి ఆయన గీసిన లక్ష్మి, సరస్వతి బొమ్మలు నిశ్చింతగా వాడుకోవచ్చు, వికీపీడియా వాళ్ల ఉచిత బొమ్మల సైట్ వికీమీడియా కామన్స్‌లో మంచి సైజులో దొరుకుతాయి. వాటికి ఎవడికో 299 కట్టక్కర్లేదు.

"చిన్న షాపుల్ని ఎవరు పట్టించుకుంటారు" అని చాలామంది అంటారు. ఇప్పుడు బొమ్మల్ని వెతికేది మనుషులు కాదు, సాఫ్ట్‌వేర్. 1957 కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ ప్రకారం తెలిసి ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా. అందరి మీదా కేసులు పడతాయని కాదు. కానీ నోటీసు వచ్చేది మన కస్టమర్‌కి, వాళ్లు వచ్చేది మన షాపుకి.

అలాగని వచ్చిన ప్రతి ఈమెయిల్‌కీ భయపడి డబ్బు కట్టేయకండి. అమెరికాలో కరోల్ హైస్మిత్ అనే ఫొటోగ్రాఫర్ తన ఫొటోలని అందరూ వాడుకోవచ్చని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి ఇచ్చేశారు. తన సొంత ఫొటో తన సంస్థ వెబ్‌సైట్లో పెట్టుకున్నందుకే 120 డాలర్లు కట్టమని ఆవిడకి నోటీసొచ్చింది. 2016లో ఆవిడ కోర్టుకెక్కారు. కాబట్టి ముందు వాళ్ల హక్కుకి రుజువు అడగండి, ఈలోపు ఆ ఫొటో మాత్రం తీసేయండి.

ఉచితంగా కావాలంటే అసలు చోటికే వెళ్లండి. అక్కడా కాస్త చూసుకోవాలి. అన్‌స్ప్లాష్‌లో వెతికితే మధ్యమధ్యలో డబ్బు కట్టే ఫొటోలూ కనిపిస్తాయి, గబగబా నొక్కుతూ పోతే తేడా తెలియదు. ఫ్రీపిక్‌లో కిరీటం గుర్తు ఉన్నవి ప్రీమియం. గుర్తు లేనివి ఉచితమే కానీ ఫ్రీ అకౌంట్‌తో దించితే క్రెడిట్ ఇవ్వాలి. శుభలేఖ మీద "డిజైన్డ్ బై ఫ్రీపిక్" అని వేస్తే పెళ్లివారు ఊరుకుంటారా? ఊరుకోరు కాబట్టి, అలాంటి పనికి అది వాడకపోవడమే మేలు. వికీమీడియా కామన్స్‌లో చార్మినార్, లేపాక్షి లాంటి వాటికి మనవాళ్లు తీసిన మంచి ఫొటోలున్నాయి, అయితే చాలావాటికి తీసినవారి పేరు, లైసెన్సు రాయాలి. గూగుల్ ఇమేజెస్‌లో టూల్స్ నొక్కి యూసేజ్ రైట్స్‌లో క్రియేటివ్ కామన్స్ (కొన్ని షరతులతో ఉచితంగా వాడుకోనిచ్చే లైసెన్సులు) పెట్టి వెతకచ్చు, కానీ ఆఖరుమాట ఆ ఫొటో ఉన్న పేజీదే. ఫాంట్లకైతే సిలికానాంధ్ర సంస్థ విడుదల చేసిన మండలి, రామభద్ర, సురవరం లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. ఓపెన్ లైసెన్సు, వ్యాపారానికీ ఉచితం.

ఎక్కడినుంచి దించినా ఆ రోజు లైసెన్సు పేజీని స్క్రీన్‌షాట్ తీసి జాబ్ ఫోల్డర్‌లోనే పడేయండి. సైట్లు రూల్స్ మారుస్తుంటాయి. అన్‌స్ప్లాష్ 2017లో, పిక్సాబే 2019లో సీసీ జీరో (హక్కులన్నీ వదులుకుని ఎవరైనా ఎలాగైనా వాడుకోనిచ్చే లైసెన్సు) వదిలేసి సొంత లైసెన్సులకి మారాయి. మనం దించిన రోజు ఏముందో చూపించాల్సింది మనమే.

ఇప్పటికే బండిల్ కొన్నవాళ్లు, అందులోంచి తీసి కస్టమర్లకి ఇచ్చిన పనులు ఒకసారి వెతకండి. ముందు లేబుళ్లు, ప్యాకింగ్, వెబ్‌సైట్లు చూడండి. ఫ్లెక్సీ వారంలో దించేస్తారు, లేబుల్ మాత్రం ఏళ్లతరబడి మార్కెట్లో ఉంటుంది. డబ్బు కట్టాక లింకే రాకపోతే, వచ్చిన లింకు పనిచేయకపోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, లేదా కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. యూపీఐ ట్రాన్సాక్షన్ నంబరు, ప్రకటన స్క్రీన్‌షాట్, చాట్ మొత్తం దాచుకోండి. ఫిర్యాదు చేసేటప్పుడు అవే అడుగుతారు.