మామిడితోటలో పడున్న 1978 క్యాంపింగ్ ట్రైలర్: లక్షా ఎనభై వేలు పెట్టొచ్చా?

దామలచెరువు దాటి పాకాల వైపు వెళ్లే దారిలో, ఒక మామిడితోటలో ఈ ట్రైలర్ అమ్మకానికి ఉంది. కారు వెనక తగిలించి లాక్కెళ్లే రకం. ఒకటే ఇరుసు, పదమూడున్నర అడుగుల పొడవు, ఆరున్నర అడుగుల వెడల్పు. చెక్క చట్రం మీద పల్చటి అల్యూమినియం రేకు, లోపలివైపు ప్లై. ముందు ఫ్రేముకు కొట్టిన పలక మీద తయారుచేసినవాళ్ల పేరు చెరిగిపోయింది గానీ, 1978 అన్న అంకె, ఖాళీ బరువు 680 కిలోలు, మొత్తం బరువు 900 కిలోలు అన్నవి కనబడుతున్నాయి. అడుగుతున్న ధర 1,80,000. ఆ ధరకు వద్దు. యాభై వేల లోపు దిగితే తీసుకోవచ్చు, అదీ రోడ్డెక్కించడానికి కాదు, తోటలో ఒక గదిలా నిలబెట్టుకోవడానికి.

ఫొటోలు చూసి మనసు పారేసుకోకండి. తెల్లరంగు ఈమధ్యే కొట్టారు, కిటికీ రబ్బరు బీడింగు మీదికి కూడా పాకింది. ఇలాంటి బండి దగ్గర కళ్లకంటే ముందు ముక్కుకు పని చెప్పాలి. తలుపూ కిటికీలూ ఒక పూట మూసి ఉంచమని చెప్పి, తెరిచిన వెంటనే తల లోపల పెట్టండి. ముక్కవాసన కొడితే ఎక్కడో చెక్క నానుతోందని అర్థం. దీంట్లో గట్టిగానే కొడుతోంది.

వెనక ఎడమ మూల బెంచీ మూత ఎత్తితే సంగతి తెలుస్తుంది. గోడ మీద వాల్‌పేపరు నున్నగా, కొత్తగా ఉంది. బొటనవేలితో నొక్కితే ప్లై టీలో ముంచిన రస్కులా లోపలికి పోతోంది. దాని కింద, గోడ చట్రం నేలకు ఆనే అడుగుచెక్కలో స్క్రూడ్రైవరు రెండంగుళాలు సునాయాసంగా దిగింది, బయటికి తీస్తే కొనకు కాఫీపొడిలాంటి చెక్కపొట్టు. తేమ మీటరు ఆ మూల 34 శాతం చూపిస్తోంది, ముందు కుడి మూల 24, తలుపు పక్కన 13. పదిహేను లోపు ఉంటే భయం లేదు. ఇరవై దాటితే నీళ్లు ఎక్కడినుంచో దిగుతున్నాయి. ముప్పై దాటిందంటే ఆ చెక్క మీద ఆశ వదులుకోవాలి. రెండు పిన్నుల మీటరు వెయ్యి, పదిహేను వందల్లో వస్తుంది. ఇంత బండి కొనేవాళ్లకు అదొక ఖర్చే కాదు.

కుళ్లింది కింద, కారుతున్నది పైన. కప్పూ గోడా కలిసే అంచు పొడవునా అల్యూమినియం పట్టీ ఉంటుంది, దాన్ని మూడంగుళాలకొక స్క్రూతో బిగిస్తారు. పట్టీ కింద పూసిన మెత్తటి లప్పం ఎండకు ఎండి పెంకులు కట్టింది. స్క్రూ రంధ్రంలోంచి దిగిన నీళ్లు రేకుకూ ప్లైకీ మధ్య జారి, బయటికి దారిలేక అడుగుచెక్కలో నిలుస్తాయి. ఇది తెలియక పట్టీ మీద పొడుగునా సిలికాన్ లాగేశారు. "రవంత సిలికాన్ కొట్టేస్తే సరిపోతాది సార్" అనే మాట మన దగ్గర ఏ షెడ్డులో అడిగినా వినబడుతుంది. సిలికాన్ పైన మెరుస్తుంది, కింద పగిలిన లప్పం అలాగే ఉంటుంది. పైగా లోపలికి వెళ్లిన నీళ్లకు ఆరే దారి కూడా మూసుకుపోతుంది. పాత సిలికాన్ మీద కొత్త సిలికాన్ గానీ, రంగు గానీ సరిగ్గా పట్టదు. మే నెలలో చేసిన ఈ రిపేరు అక్టోబరుదాకా భేషుగ్గా కనిపిస్తుంది. అసలు పరీక్ష ఈశాన్య రుతుపవనాలది. 2021 నవంబరు వానలు చూసిన తిరుపతివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

సరైన పద్ధతి పెద్ద విద్యేం కాదు, ఓపిక పని. పట్టీ మొత్తం విప్పాలి. పాత లప్పం, సిలికాన్ ప్లాస్టిక్ గీకుడుతో తీసి, టర్పెంటైనుతో తుడిచి, ఆరాక 20 ఎంఎం వెడల్పు బ్యుటైల్ టేపు (రబ్బరులా సాగే జిగురు టేపు) అతికించి పట్టీ మళ్లీ బిగించాలి. పాత ఇనుప స్క్రూలు వాడకండి. అల్యూమినియంలో ఇనుము, తడి కలిస్తే తెల్లటి పొడి రాలి రంధ్రం పెద్దదవుతుంది. ఒక సైజు లావు స్టెయిన్‌లెస్ స్క్రూలు వేయండి. టేపు అంచుల్లోంచి పొంగి బయటికి వస్తే బాగా కూర్చున్నట్టు. వెంటనే కోయకుండా రెండు రోజులు ఎండ తగలనిచ్చి, మళ్లీ ఒకసారి బిగించి అప్పుడు కోయండి. రెండు పక్కల అంచులకు 80 అడుగులు, ఐదు కిటికీలకు ఇంకో 50 అడుగులు. అంటే నలభై మీటర్ల టేపు, చేతిలో అదనంగా పది.

నేల సంగతి. 12 ఎంఎం మెరైన్ ప్లై, అంటే నీళ్లను తట్టుకునే రకం, ఐఎస్ 710 ముద్ర ఉన్నదే తీసుకోవాలి. నేల విస్తీర్ణం 88 చదరపు అడుగులు, ఎనిమిది బై నాలుగు షీటు 32. మూడు చాలని లెక్క వస్తుంది, కానీ అతుకులు చాసీ అడ్డపట్టీల మీదే పడేలా కోయాలంటే నాలుగు కావాలి. కోసిన అంచులకు రంగు గానీ ఎపాక్సీ గానీ పట్టించకుండా బిగించొద్దు, ప్లై నీళ్లు తాగేది అంచులనుంచే. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు పాత నేలంతా ఒకేసారి పీకేయడం. ఈ బండికి గోడలను నిలబెట్టేది నేలే. అది పోగానే గోడలు పక్కకు విచ్చుకుంటాయి, ఆ తర్వాత తలుపు చచ్చినా పట్టదు. ముందు లోపల గోడకూ గోడకూ ఐమూలగా రీపర్లు కొట్టి, సగం నేల మార్చి, తర్వాత మిగతా సగం ముట్టుకోవాలి.

చాసీ మాత్రం మెచ్చుకోవాలి. సి-ఛానెల్ ఇనుము, సుత్తితో తడితే అన్ని చోట్లా ఖంగుమంటోంది. ముందుకు పొడుచుకొచ్చే ‘A’ ఆకారపు ఫ్రేము, పొడవు ఛానెల్‌ను కలిసే చోట మాత్రం ఎడమవైపు రెండంగుళాల చీలిక ఉంది. చీలికను ఊరికే వెల్డింగుతో పూడిస్తే పక్కనే మళ్లీ పగులుతుంది. చీలిక చివర చిన్న రంధ్రం కొట్టి, వెల్డింగు చేసి, మీద 5 ఎంఎం ప్లేటు ఆసరా వేయాలి. ఐమూలల కొలతలు రెండూ సమానంగా వచ్చాయి కాబట్టి ఫ్రేము వంగలేదు.

ఇరుసు దగ్గరే బేరం తెగుతుంది. ఇది కమాన్ కట్టల (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనుప పట్టీల) ఇరుసు కాదు. గొట్టంలో రబ్బరు తీగలు కూరి, వాటి మెలికతోనే కుదుపు మింగే రకం. రబ్బరు బాగుంటే ఖాళీ బండిలో చక్రాన్ని మోసే చేయి కిందికి వాలి ఉండాలి. దీనికి రెండు వైపులా అడ్డంగా, నేలకు సమాంతరంగా నిలిచిపోయింది. రబ్బరు చచ్చిపోయింది. ఆ రబ్బరు తీసి కొత్తది వేయడం ఏ లేతు షాపులోనూ కుదిరే పని కాదు, ఇరుసు మొత్తం మార్చాల్సిందే. ఆటోనగర్‌లో అడిగితే ట్రాక్టర్ ట్రాలీ ఇరుసు వేసేద్దాం అంటారు. ఒప్పుకోకండి. టన్నుల బరువుకు చేసిన కట్టలు 900 కిలోల బండి కింద అసలు వంగవు. ప్రతి గుంతా నేరుగా బాడీకి కొడుతుంది, వంద కిలోమీటర్లకే రివెట్లు రాలడం మొదలవుతుంది. మారుతి ఆమ్నీ వెనక కట్టల్లాంటి తేలికవి చూసుకోవాలి, బరువుకు సరిపోతాయో లేదో కట్టలు చేసేవాళ్ల దగ్గర లెక్క వేయించాలి.

బ్రేకు తోపుడు రకం. కారు నెమ్మదించినప్పుడు ట్రైలర్ ముందుకు నెట్టుకొచ్చి తన బ్రేకు తానే పట్టుకుంటుంది. ముందు గొట్టాన్ని గట్టిగా లోపలికి తోస్తే మెల్లగా వెనక్కి రావాలి. ఇది తోస్తే పోతోంది గానీ తిరిగి రావడం లేదు, లోపల కుదుపు ఆపే డ్యాంపరు పోయింది. యూరప్‌లో 750 కిలోలు దాటిన ట్రైలర్‌కు బ్రేకు లేకపోతే రోడ్డెక్కనివ్వరు. మన దగ్గర పలమనేరు నుంచి దిగే మొగిలి ఘాట్లోనో, భాకరాపేట ఘాట్లోనో బ్రేకు లేని 900 కిలోలు వెనకనుంచి నెడుతుంటే కారు బ్రేకులు కాగి పోతాయి. డ్రమ్ము విప్పేవాళ్లకు ఒక మాట: ఆ కాలపు బ్రేకు లైనింగులో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. గాలి కొట్టి ఊదొద్దు, తడిగుడ్డతో తుడవండి.

ట్రైలర్‌ను తగిలించే కప్పు, కారు వెనక బిగించే 50 ఎంఎం గుండుకు చేసింది. రెండంగుళాల గుండు అంటే 50.8. "దాదాపు ఒకటే కదా" అని బిగిస్తే కప్పు పూర్తిగా కూర్చోదు, తాళం పడ్డట్టు కనిపిస్తుంది, అంతే.

బరువు లెక్క చాలామంది వేయరు. మొత్తం 900లో ఖాళీ బరువు 680 పోతే మీకు మిగిలేది 220 కిలోలు. బస్సు బాడీ కట్టే మేస్త్రీలు కుళ్లిన చెక్క బదులు అంగుళం స్క్వేర్ పైపు వేద్దాం అంటారు. అరవై మీటర్ల పైపుకు దాదాపు డెబ్బై కిలోలు. గట్టిగా ఉంటుందని నేలకు 12 బదులు 18 ఎంఎం వేస్తే ఇంకో ముప్పై అయిదు. మంచం, నీళ్ల ట్యాంకు పెట్టకముందే సగం కోటా అయిపోయింది. చేరిన బరువు వెనకవైపు పడితే ఇంకా ప్రమాదం. గుండు మీద మొత్తం బరువులో ఆరేడు శాతం, అంటే యాభై అరవై కిలోలు ఆనాలి. తగ్గితే వేగంలో ట్రైలర్ తోక ఊపుతుంది. ముందు కొనను ఇంట్లో బరువు చూసుకునే మిషను మీద పెడితే తెలిసిపోతుంది.

కాగితాలు. అమ్మేవాళ్ల దగ్గర కర్ణాటక ఆర్‌సీ జిరాక్సు మాత్రమే ఉంది. ట్రైలర్‌కు కూడా వేరే రిజిస్ట్రేషన్ ఉండాలి. అసలు ఆర్‌సీ, అక్కడి ఆర్‌టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), పేరు మార్పిడికి 29, 30 ఫారాల మీద సంతకాలు చేతికి వచ్చేదాకా పైసా ఇవ్వొద్దు. రవాణా వాహనం కాకపోతే ఆర్‌సీ పదిహేనేళ్లదే, ఆపైన ఐదేళ్లకోసారి పరీక్షకు నిలబెట్టి రెన్యువల్ చేయించుకోవాలి. ఇరుసు రకం మారిస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డొస్తుంది, ముందే అనుమతి అడగాలి. విదేశీ నంబరు పలకతో వచ్చి ఇక్కడే ఉండిపోయిన బండ్లయితే కస్టమ్స్ సుంకం గొడవ కూడా మీ మెడకు చుట్టుకుంటుంది.

లోపలి సామానులో దాచుకోదగ్గవి తక్కువ. గ్యాసుతో, కరెంటుతో నడిచే ఫ్రిజ్జు వెనక పసుపుపచ్చ పొడి రాలి ఉంది, లోపలి ద్రవం కారిపోయినట్టు. తీసేయండి. వైర్లు ఎలుకలు కొరికాయి, అతుకులు వేయకుండా మొత్తం మార్చాలి. పాత రాగి గ్యాసు పైపులు పీకేసి, ఐఎస్ఐ సురక్షా గొట్టంతో రెండు బర్నర్ల పొయ్యి చాలు. నేల దగ్గర చిన్న జాలీ రంధ్రాలున్నాయి, చలిగాలో, బల్లులో అని వాటిని మూయకండి. గ్యాసు గాలికంటే బరువు, లీకైతే బయటికి పోయే దారి అదే. బ్యాటరీ కోసం దూరం పోనక్కర్లేదు, అమరాన్ పుట్టిల్లు మన కరకంబాడే. కానీ 12 వోల్టుల 100 ఏహెచ్ బ్యాటరీలో ఉండేది 1.2 యూనిట్లు, అందులో సగమే వాడుకోవాలి. దాంతో లైట్లూ ఫ్యానూ నడుస్తాయి, ఏసీ నడవదు. తిరుపతి మే ఎండలో రేకు బండి ఏసీ లేకుండా పగలు పొయ్యే. అందుకే గోడలు విప్పినప్పుడే 25 ఎంఎం థర్మకోల్ కూరి, కప్పుకు తెల్ల కూల్ పెయింటు వేయించాలి.

రోడ్డెక్కించాలంటే ఇరుసు, బ్రేకు, టైర్లు కలిపి లక్షకు తగ్గదు. నేల, చట్రం, లోపలి ప్లైకి ఇంకో లక్ష. టేపు, కిటికీలు, వైరింగు, రంగుకు డెబ్బై ఎనభై వేలు. మేస్త్రీల కూలి లక్ష దాటుతుంది. కొన్న ధర కాకుండా మూడున్నర నుంచి నాలుగు లక్షలు అటూ ఇటూ. తుక్కుకు వేస్తే అల్యూమినియం అరవై కిలోలు, ఇనుము రెండు వందల కిలోలు, మహా అయితే పదిహేను వేలు. లక్షా ఎనభై ఎక్కడినుంచి వచ్చిందో ఆ ధర చెప్పినవాళ్లకే తెలియాలి.

తోటలోనే గదిగా నిలబెడితే ఇరుసు, బ్రేకు, బరువు లెక్కలు పక్కకు పోతాయి, ఖర్చులో కనీసం లక్ష తగ్గుతుంది. చక్రాల మీద కాకుండా చాసీ కింద నాలుగు చోట్ల సిమెంటు దిమ్మెల మీద ఆనించండి, మట్టికి చెక్క ఎక్కడా తగలకూడదు, చెదలు దిమ్మె మీద గూడు కట్టినా కంటికి కనబడాలి. కరెంటు తోట మోటారు లైను నుంచి లాగొద్దు, అది వ్యవసాయ కనెక్షను. వేరే మీటరు తీసుకుని 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే స్విచ్చి), రేకు బాడీకి గట్టి ఎర్తింగు పెట్టించండి. ఎక్కడైనా వైరు ఒరుసుకుంటే బండి మొత్తానికి కరెంటు వస్తుంది.

కొంటే తరలించేది లారీ మీదే. టైరు పక్కన తయారీ తేదీ నాలుగంకెలుంటుంది, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. వీటి మీద మూడంకెలే ఉన్నాయి, అంటే 2000కు ముందువి, వాటిని నమ్మి రోడ్డు మీద లాక్కెళ్లలేం. పని మొదలుపెట్టడానికి జనవరి మంచిది, విప్పిన చెక్క ఆరడానికి నాలుగైదు నెలలు దొరుకుతాయి. అప్పటిదాకా టార్పాలిన్ కప్పాలంటే రేకుకు అంటకుండా వెదురు గడల మీద అడుగెత్తున కట్టండి. నేరుగా కప్పితే లోపల చెమ్మ పట్టి, ఇప్పుడు 13 శాతం చూపిస్తున్న తలుపు పక్క చెక్క కూడా వెనక మూల దారే పడుతుంది.