తెలుగు విద్యార్థుల గ్రూపుల్లో వచ్చే వీకెండ్ ట్రిప్ ప్రకటనలు: డబ్బు పంపే ముందు దయచేసి ఇది చదవండి

యూకేలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులకు, ముఖ్యంగా ఈ ఏడాదే కొత్తగా వచ్చినవారికి ఈ హెచ్చరిక రాస్తున్నాను. వాట్సాప్ గ్రూపులో కనబడిన వారాంతపు యాత్ర ప్రకటనను నమ్మి, ఎవరో ఒక వ్యక్తి సొంత ఖాతాకు డబ్బు పంపి, బండికి, డ్రైవరుకు లైసెన్సు ఉన్నదో లేదో అడగకుండా బయలుదేరకండి. గత నవంబరు చివరి వారాంతంలో మేము 14 మందిమి అలాగే బయలుదేరాము. మనిషికి 149 పౌండ్ల చొప్పున పోయాయి. ప్రాణాలతో తిరిగి వచ్చాము కాబట్టి ఇది డబ్బు సంగతిగా రాయగలుగుతున్నాను.

ఇటువంటి ప్రకటనను మేము ఎందుకు నమ్మామో ముందు చెప్పాలి, ఎందుకంటే ఆ కారణం మీలో చాలామందికి ఉంటుంది. బర్మింగ్‌హామ్‌కు వచ్చిన రెండు నెలల్లో నాకు తెలిసినవి క్లాసు, పార్ట్‌టైమ్ పని, గది, ఈ మూడే. క్లాసులో నలభై మంది ఉన్నా పాఠం అయ్యాక ఎవరి దారి వారిది. ఇంట్లో ఉండే ఐదుగురమూ తెలుగువాళ్ళమే అయినా షిఫ్టులు వేరు కావడం వల్ల అందరమూ కలిసి అన్నం తినేది ఆదివారం ఒక్క పూట. ఫోను చేసినప్పుడల్లా అమ్మ "ఎక్కడికైనా వెళ్ళొస్తున్నావా, ఆ గదిలోనే కూర్చుంటున్నావా?" అని అడిగేది; నేను మాట మార్చేదాన్ని. సాయంత్రం నాలుగింటికే చీకటి పడే ఆ రోజుల్లో "మన తెలుగు బ్యాచ్‌తో స్కాట్లాండ్, రెండు పగళ్ళు, ఒక రాత్రి" అన్న పోస్టు చూసినప్పుడు, కొండలూ సరస్సులూ కాదు, నలుగురితో కలిసి వెళ్ళవచ్చు అన్న ఆశే నా చేత సరే అనిపించింది.

ఆ గ్రూపు మాకు కొత్తది కాదు. గది దొరకాలన్నా, వాడిన పరుపు కొనాలన్నా, ఊరి నుంచి వచ్చేవారి చేత ఆవకాయ తెప్పించుకోవాలన్నా అందరమూ అందులోనే అడుగుతాము. యాత్ర నడిపే వ్యక్తి అదే గ్రూపులో ఎయిర్‌పోర్టు పికప్‌లు కూడా చేసేవాడు, అందరూ ఆయనను అన్న అనే పిలిచేవారు. గ్లెన్‌కో లోయ, గ్లెన్‌ఫిన్నన్ వంతెన మీద ఆవిరి రైలు, స్కై ద్వీపం, లాక్ నెస్ సరస్సు, ఫోర్ట్ విలియంలో హోటలు, ఉదయం టిఫిను, ఏసీ కోచ్, అన్నీ కలిపి 149 పౌండ్లు అని ప్రకటనలో ఉంది. మూడు సీట్లే మిగిలాయని, ఆ రాత్రికే డబ్బు పంపాలని ఆయన చెప్పాడు. కార్డుతో కట్టే వీలు లేదన్నాడు. మా ఇంట్లో ఒక చెల్లి ఖాతాలో అప్పటికి అంత డబ్బు లేకపోతే, హైదరాబాదులో ఉన్న తన బంధువుకు వాళ్ళ నాన్నగారి చేత రూపాయల్లో ఫోన్‌పే చేయించమన్నాడు. ఆమె అలాగే చేయించింది.

నేను బ్యాంకు యాప్‌లో ఆయన పేరు టైపు చేసి ఖాతా నంబరు ఇచ్చినప్పుడు, ఆ పేరూ ఖాతాదారు పేరూ సరిపోలడం లేదని తెర మీద స్పష్టంగా వచ్చింది. ఇక్కడి బ్యాంకులు డబ్బు వెళ్ళే ముందు ఈ పరీక్ష చేస్తాయి. అడిగితే, అది తన స్నేహితుడి ఖాతా అని, తన ఖాతాకు లిమిట్ అయిపోయిందని వాయిస్ మెసేజ్ పంపాడు. తెలుగులో, ఎంతో ఆప్యాయంగా మాట్లాడాడు. నేను కంటిన్యూ నొక్కాను. ఆ తెర మీద వచ్చిన ఒక్క వాక్యాన్ని నమ్మి ఆగి ఉంటే ఈ రాత అవసరం ఉండేది కాదు.

శుక్రవారం రాత్రి 9 గంటలకు రావలసిన కోచ్ 11:40కి వచ్చింది, వచ్చింది కోచ్ కాదు, అద్దెకు తెచ్చిన 16 సీట్ల మినీబస్సు. అన్న రాలేదు. నడిపేది మాలాంటి విద్యార్థే. ఆ పగలంతా గోడౌనులో షిఫ్టు చేసి నేరుగా వచ్చానని తనే చెప్పాడు. మాలో సగం మంది లంకాస్టర్ దాటకముందే నిద్రపోయారు. నేను ముందు వరుసలో ఉన్నాను. ఎం6 మోటర్‌వే మీద టీబేకు ముందు, సన్నని వాన పడుతుండగా, బండి చక్రాలు రోడ్డు అంచున ఉన్న తెల్లగీత మీదికి ఎక్కాయి. నిద్రపోయే డ్రైవర్లను లేపడానికే ఆ గీతను గట్లు గట్లుగా వేస్తారు. ఆ చప్పుడు సీటు కింద నుంచి వెన్నులోకి పాకింది. అతని గడ్డం ఛాతీకి ఆని ఉంది. నేను భుజం పట్టి కుదిపాను, అతను ఒక్కసారిగా స్టీరింగు తిప్పాడు, వెనక ఎవరిదో తల అద్దానికి కొట్టుకుంది. టీబే సర్వీసెస్ అనే దారి పక్క మజిలీలో బండి ఆపించి, అతను రెండు గంటలు పడుకునేదాకా మేమంతా చలిలో మేలుకొని కూర్చున్నాము. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. అతనికి ఆ రాత్రికి 60 పౌండ్లు ఇస్తామన్నారట.

ఇక్కడి నియమం ఏమిటో తిరిగి వచ్చాకే తెలుసుకున్నాను, మీరు ముందే తెలుసుకోండి. డబ్బు తీసుకొని తొమ్మిది మంది లేదా అంతకంటె ఎక్కువ మంది ప్రయాణికులను ఎక్కించుకునే బండికి పీఎస్‌వీ (ప్రజా రవాణా వాహనం) ఆపరేటర్ లైసెన్సు ఉండాలి, దాని బిళ్ళ ముందు అద్దం మీద కనబడాలి. డబ్బు తీసుకొని మినీబస్సు నడిపే డ్రైవరుకు లైసెన్సులో డీ1 అనే మినీబస్సు తరగతి అర్హత ఉండాలి. మన ఇండియా లైసెన్సుతో ఇక్కడ మొదటి 12 నెలలు నడపగలిగేది కారు వంటి చిన్న బండి మాత్రమే, అందులో ప్రయాణికుల సీట్లు ఎనిమిదికి మించకూడదు. మమ్మల్ని నడిపించిన అబ్బాయి దగ్గర ఉన్నది ఇండియా లైసెన్సే, మా బండి అద్దం మీద ఏ బిళ్ళా లేదు. అద్దె బండికి ఇచ్చే మామూలు ఇన్సూరెన్సు, డబ్బు తీసుకొని మనుషులను తిప్పేవారికి సాధారణంగా వర్తించదు. అంటే ఆ రాత్రి ఏమైనా జరిగి ఉంటే మా ఇళ్ళవాళ్ళు ఎవరిని అడగాలో కూడా తెలియని స్థితి. ఇంకొక మాట: స్టూడెంట్ వీసా మీద ఉన్నవారు సొంత వ్యాపారం చేయకూడదు. ఈ యాత్రలకు డ్రైవరుగానో, సీట్లు నింపే ఏజెంటుగానో వెళ్ళి నాలుగు డబ్బులు సంపాదించుకుందామని అనుకునే తమ్ముళ్ళు తమ వీసాను పణంగా పెడుతున్నారని గుర్తించాలి.

యాత్ర విషయానికి వస్తే, ప్రకటనలో చెప్పిన ప్రణాళిక మొదటి నుంచీ అసాధ్యమైనదే. బర్మింగ్‌హామ్ నుంచి ఫోర్ట్ విలియంకు దాదాపు 400 మైళ్ళు. అక్కడి నుంచి స్కైలోని పోర్ట్రీకి ఇంకో 100 మైళ్ళకు పైగా, అదీ వంకర టింకర కొండ దారి. రెండు రోజుల్లో వెళ్ళి, చూసి, తిరిగి రావడానికి ఒక్క డ్రైవరు చాలడు, నవంబరులో పగటి వెలుగూ చాలదు. మ్యాపు తెరిచి ఐదు నిమిషాలు లెక్క వేసుకుంటే ఎవరికైనా తెలిసే విషయమిది, మా పద్నాలుగు మందిలో ఆ లెక్క వేసినవారు ఒక్కరూ లేరు. గ్లెన్‌కో మాత్రం చూశాము. మేఘాలు కొండల నడుము దాకా దిగి, కొండచరియల మీద నుంచి సన్నని నీటి ధారలు తెల్లటి దారాల్లా జారుతుంటే అందరమూ కాసేపు మాటలు మరిచిపోయాము. గ్లెన్‌ఫిన్నన్ చేరేసరికి రెండు దాటింది. 21 కమానుల ఆ వంతెన మీద వెళ్ళే ఆవిరి రైలు మామూలుగా వసంతం నుంచి అక్టోబరు దాకా నడిచేది. నవంబరు చివర దాన్ని చూపిస్తామని చెప్పి డబ్బు తీసుకోవడం తెలిసి చేసిన మోసం. నాలుగు గంటలకల్లా చీకటి పడిపోయింది. స్కై రేపు చూద్దామన్నారు. ఫోర్ట్ విలియం హోటలు అన్నది గ్లాస్గో శివార్లలో రెండు పడకగదుల ఇల్లుగా తేలింది. అక్కడికి మళ్ళీ మూడు గంటలు వెనక్కి రావలసి వచ్చింది. ఆరుగురం అమ్మాయిలం ఒక గదిలో కోట్లు కప్పుకొని పడుకున్నాము. ఆదివారం ఎడిన్‌బరోలో రెండు గంటలు దింపి, సాయంత్రం తిరుగుదారి పట్టించారు. లాక్ నెస్ ఊసే లేదు.

డబ్బు వెనక్కి అడిగితే అన్న మొదట "చూద్దాం చెల్లీ" అన్నాడు, తరువాత మా నంబర్లు బ్లాక్ చేశాడు, గ్రూపులో మేము రాసింది అడ్మిన్లు తొలగించారు. బ్యాంకు వారు మర్యాదగానే మాట్లాడారు గాని, యాత్ర ఎంతో కొంత జరిగింది కాబట్టి ఇది అమ్మినవారికీ కొన్నవారికీ మధ్య తగాదా అని, మోసపోయి పంపిన సొమ్మును తిరిగి ఇప్పించే 2024 అక్టోబరు నాటి నిబంధన దీనికి వర్తించదని తేల్చారు. అదే క్రెడిట్ కార్డుతో నేరుగా కట్టి ఉంటే, 100 పౌండ్లు దాటిన కొనుగోలు కాబట్టి 1974 నాటి వినియోగదారుల రుణ చట్టంలోని 75వ సెక్షను కింద కార్డు సంస్థనే అడిగే హక్కు ఉండేది. డెబిట్ కార్డుతో కట్టినా చార్జ్‌బ్యాక్, అంటే బ్యాంకు ద్వారా సొమ్ము వెనక్కి రప్పించమని, అడిగి చూడవచ్చు. ఫోన్‌పే చేసిన చెల్లి పరిస్థితి అందరికంటె కష్టం. వాళ్ళ నాన్నగారు ఇండియాలో సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫిర్యాదు చేశారు.

రవాణా, రాత్రి బస కలిపి ఒకే ధరకు అమ్మితే అది 2018 నాటి ప్యాకేజీ ట్రావెల్ నిబంధనల కిందికి వస్తుంది. చెప్పిన దానిలో పెద్ద మార్పు చేస్తే నిర్వాహకుడే బాధ్యుడు, కొన్నవారి సొమ్ముకు రక్షణ కూడా అతను ముందే ఏర్పాటు చేసి ఉండాలి. లాభం లేకుండా, ఎప్పుడో ఒకసారి, కొద్దిమంది తెలిసినవారికి మాత్రమే ఏర్పాటు చేసేవారికి మినహాయింపు ఉంది. ఇటువంటివారు "ఇది ఫ్రెండ్స్ ట్రిప్" అని పదేపదే చెప్పేది అందుకే. రెండు వారాలకు ఒకసారి ప్రకటన వేసి, సీటుకింత అని వసూలు చేసేదాన్ని ఫ్రెండ్స్ ట్రిప్ అనరు. కాబట్టి ఎవరైనా అలా అంటే ఆపరేటర్ లైసెన్సు నంబరు, బస చేసే చోటు పూర్తి చిరునామా, రాతపూర్వకమైన రసీదు అడగండి. ఈ మూడింటిలో ఒక్కటి ఇవ్వడానికి జంకినా డబ్బు పంపకండి. అన్నను రసీదు అడగడం మర్యాద కాదేమో అన్న మొహమాటమే మమ్మల్ని ముంచింది.

హైలాండ్స్, అంటే స్కాట్లాండ్ కొండ ప్రాంతం, చూడాలన్న కోరిక ఉంటే తీర్చుకునే దారులు ఉన్నాయి. బర్మింగ్‌హామ్ న్యూ స్ట్రీట్ నుంచి గ్లాస్గోకు నేరుగా రైలు ఉంది, నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. ముందుగా కొని, రైల్‌కార్డు వాడితే మూడో వంతు తగ్గుతుంది. 25 ఏళ్ళు దాటినా ఫుల్‌టైమ్ విద్యార్థులకు ఆ కార్డు ఇస్తారు. గ్లాస్గో బుకానన్ బస్ స్టేషన్ నుంచి సిటీలింక్ బస్సులు గ్లెన్‌కో మీదుగా ఫోర్ట్ విలియంకు, స్కైకి వెళతాయి. గ్లెన్ నెవిస్‌లో యూత్ హాస్టల్ ఉంది. మీ యూనివర్సిటీ స్టూడెంట్స్ యూనియన్ కూడా ఇటువంటి యాత్రలు నడుపుతుందేమో కనుక్కోండి. మొన్న మార్చిలో మా ఇంట్లోవాళ్ళం నలుగురం ఈ దారిలోనే వెళ్ళి, ఆ చెల్లిని కూడా వెంటబెట్టుకొని, పోర్ట్రీ రేవులో పులిహోర డబ్బా విప్పుకొని తిన్నాము.

ఇప్పుడు కొత్త నంబరుతో, కొత్త పేరుతో లేక్ డిస్ట్రిక్ట్‌కు 89 పౌండ్ల ప్రకటన తిరుగుతున్నది. ఫొటోలు పాతవే, వాక్యాలు పాతవే, "మూడు సీట్లే మిగిలాయి" అన్న మాట కూడా పాతదే. దానికి ఇప్పటికే డబ్బు పంపినవారు ఉంటే రేపటిదాకా ఆగకుండా ఈ రోజే 159కి ఫోను చేసి మీ బ్యాంకుతో మాట్లాడండి, సంభాషణల స్క్రీన్‌షాట్లు అన్నీ దాచుకోండి, వినియోగదారుల సలహాకు 0808 223 1133కి చేయండి. గత నవంబరులో మాతో వచ్చినవారు, మాకంటె ముందు ఇదే వ్యక్తితో వెళ్ళి నష్టపోయినవారు నాకు సందేశం పంపండి. చిన్న మొత్తాల దావా కోసం రసీదులూ వాయిస్ మెసేజ్‌లూ ఒకచోట చేరుస్తున్నాము, ఇప్పటికి తొమ్మిది మందిమి అయ్యాము.